రహదారి హెచ్చరిక గుర్తులు: తులనాత్మక పరిశీలన

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ఒక్క సెకనులో సుమారు 22 మీటర్లు ముందుకు సాగుతుంది. అందువల్ల ముందున్న ప్రమాదాన్ని తెలిపే గుర్తు డ్రైవరుకు చూసిన వెంటనే అర్థం కావాలి. ఇందుకోసం వివిధ దేశాలు అనుసరిస్తున్న పద్ధతులను ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. రెండు సంప్రదాయాలు

1909లో పారిస్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం నాలుగు ప్రమాద గుర్తులను నిర్ణయించింది. అవి: ఎగుడుదిగుడు రోడ్డు, మలుపు, కూడలి, రైలు గేటు. తరువాతి కాలంలో ఐరోపాలో ఎర్ర అంచు గల త్రిభుజం హెచ్చరికకు చిహ్నంగా స్థిరపడింది.

అమెరికాలో 1923లో కొన్ని రాష్ట్రాల రహదారి అధికారులు వేరొక సూత్రాన్ని ప్రతిపాదించారు. బోర్డుకు భుజాలు పెరిగేకొద్దీ ప్రమాద తీవ్రత ఎక్కువని దాని అర్థం. వృత్తానికి లెక్కలేనన్ని భుజాలున్నట్లు భావించి దాన్ని రైలు గేటుకు కేటాయించారు. 'ఆగుము' గుర్తుకు అష్టభుజి, సాధారణ హెచ్చరికకు మూలపై నిలబెట్టిన చతురస్రం ఎంచుకున్నారు.

1968 నాటి వియన్నా ఒప్పందం హెచ్చరికకు త్రిభుజాన్నీ, మూలపై నిలిచే చతురస్రాన్నీ రెండింటినీ అనుమతించింది. అందువల్ల నేటికీ ప్రపంచమంతటా ఒకే ఆకారం లేదు.

2. దేశాల మధ్య భేదాలు

భారత్, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో త్రిభుజం లోపలి భాగం తెల్లగా ఉంటుంది. స్వీడన్, ఫిన్లాండ్‌లలో త్రిభుజమే అయినా లోపల పసుపు రంగు వాడతారు. మంచు కప్పిన పరిసరాల్లో తెలుపు కన్నా పసుపు తేలికగా కంటపడుతుంది. జపాన్, ఆస్ట్రేలియాలు పసుపు చతురస్రాన్ని అనుసరిస్తాయి. ఐరోపా దేశమైనా ఐర్లాండ్‌ది కూడా ఇదే పద్ధతి.

బొమ్మలు స్థానిక ప్రమాదాన్ని బట్టి మారతాయి. ఆస్ట్రేలియాలో కంగారూ, స్వీడన్‌లో దుప్పి జాతికి చెందిన ఎల్క్, మన దేశంలో పశువులు కనిపిస్తాయి.

3. ఆచరణలో ప్రాముఖ్యం

డ్రైవరు కంటికి దూరం నుంచి మొదట అందేవి ఆకారం, రంగు. బొమ్మ ఆ తరువాతే స్పష్టమవుతుంది. మన రాష్ట్రాల నుంచి అమెరికా వెళ్లి కారు నడిపేవారు ఎర్ర త్రిభుజానికి అలవాటుపడి ఉంటారు. అక్కడి పసుపు చతురస్రాన్ని హెచ్చరికగా గుర్తించడం వారు ముందే నేర్చుకోవాలి. మరోవైపు, తెలుగు రాని పంజాబ్ లారీ డ్రైవరుకు నల్గొండ దగ్గర మలుపు గుర్తు ఇట్టే అర్థమవుతుంది. అనేక భాషల దేశంలో ఉమ్మడి గుర్తుల విలువ ఇదే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. 1923 నాటి అమెరికా సూత్రాన్ని వివరించండి.
2. మీ ఊరి సమీప రహదారిపై మూడు హెచ్చరిక గుర్తులను గమనించి, వాటి ఆకారం, రంగు, బొమ్మలను నమోదు చేయండి.