కూర్పు పరీక్ష

1996వ సంవత్సరము జూన్ 4వ తేదీ ఉదయమున, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో, కూరూ అను ప్రయోగస్థానమునుండి ఏరియాన్-5 అను రాకెట్టు తొలిసారిగా పైకి లేచెను. ఐరోపా దేశములు ఏండ్ల తరబడి శ్రమించి నిర్మించిన రాకెట్టది. సుమారు 40 సెకనులు గడచునప్పటికి, 3,700 మీటర్ల ఎత్తున, అది త్రోవ తప్పి ఒరిగి, ముక్కలై పేలిపోయెను. అందున్న నాలుగు ఉపగ్రహములు నాశనమయ్యెను.

తప్పు లోహములో లేదు, ఇంధనములో లేదు. కంప్యూటరునకు వ్రాసిన ఆదేశములలో, అనగా సాఫ్ట్‌వేరులో ఉన్నది. వింత యేమనగా, ఆ భాగము పూర్వపు ఏరియాన్-4 రాకెట్టులో చక్కగా పనిచేసినదే!

పెద్ద సాఫ్ట్‌వేరును ఒక్కరు వ్రాయరు. పలువురు పలు భాగములుగా వ్రాయుదురు. కమ్మరి చేసిన ఇరుసు మంచిదే, వడ్రంగి చేసిన చక్రము మంచిదే. కాని ఒకదానిలో నొకటి ఇమిడినగాని బండి కదలదు గదా! అందుచేత భాగములను విడివిడిగా పరీక్షించిన పిదప, కలిపియు పరీక్షింపవలెను. దీనినే ఆంగ్లమున ఇంటిగ్రేషన్ టెస్టింగు అందురు.

కలుపుటకు పద్ధతులు పెక్కులు. అన్నిటిని ఒక్కమారే కలిపి చూచుట యొకటి. చిన్న పనికి ఇది చాలును. పెద్ద పనిలో ఏదేని చెడినచో, తప్పెక్కడనో వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుటయే. అడుగు భాగములనుండి ఒక్కొక్కటిగా పైకి కూర్చుకొని వచ్చుట మరియొకటి. ఇందు తప్పు వెంటనే చిక్కును గాని, మొత్తము స్వరూపము చివరకుగాని కానరాదు. మూడవది, పై భాగమునుండి క్రిందికి దిగుట. క్రింది భాగములు సిద్ధము కానిచోట తాత్కాలికముగా మారుభాగములను నిలుపుదురు. నాటకపు రిహార్సలునకు ఒక పాత్రధారి రానిచో మరియొకడు నిలిచి అతని మాటలు చదువును గదా, అట్లే. కాని ఆ మారుభాగము తనకు నేర్పిన మాటనే పలుకును. అసలు భాగము తడబడు చోట అది తడబడదు. పెద్ద పనులలో ఈ పద్ధతులను కలిపి వాడుటయే మేలు. అయినను, ఏ మారుభాగమును ఎంతకాలము నిలుపవలెనన్న ప్రశ్న మాత్రము మిగిలియే యుండును.

ఏరియాన్-5 కథ ఇచ్చటనే ఉన్నది. రాకెట్టు ఎటు తిరిగినది, ఎంత వేగముతో పోవుచున్నది అని కొలిచి ప్రధాన కంప్యూటరునకు తెలుపు పరికర మొకటి కలదు. నేలమీద అంతయు కూర్చి పరీక్షించునపుడు అసలు పరికరమును పెట్టక, దానివలె నటించు మారుభాగమును పెట్టిరి. ఇది తెలివితక్కువ అని నవ్వరాదు. రాకెట్టు కదలికను నేలమీద సరిగా అనుకరించుట కష్టము. అదిగాక, ఆ పరికరమును ముందే విడిగా పరీక్షించి యుండిరి.

ఏరియాన్-5 తొలి క్షణములలో అడ్డముగా సాగు వేగము ఏరియాన్-4 వేగముకంటె చాల హెచ్చు. ఆ వేగమునకు సంబంధించిన యొక సంఖ్యను 32,767కు మించి పట్టని చోట ఉంచవలసి వచ్చెను. అది పట్టలేదు, పరికరము ఆగిపోయెను. తోడుగా ఉంచిన రెండవ పరికరములోను అదే ప్రోగ్రాము ఉండుటచే, అది అంతకు క్షణకాలము ముందే ఆగిపోయి యుండెను. ఆగినపుడు పరికరము పంపిన లోపసూచనను ప్రధాన కంప్యూటరు నిజమైన కొలతగా భావించి, మంట చిమ్ము గొట్టములను ఒక్కపెట్టున త్రిప్పివేసెను. ఇంతకును ఆ లెక్క రాకెట్టు ఎగిరిన పిమ్మట ఏరియాన్-5కు అక్కరయే లేదు! పాత రాకెట్టునుండి అట్లే వచ్చి చేరినది.

ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుడు జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన విచారణసంఘము ఏర్పడెను. ఆ పరికరమును దాదాపు పూర్తిగా కూర్పు పరీక్షలో చేర్చుటకు వీలుండెనని సంఘము తేల్చెను. ప్రమాదము తరువాత అసలు ప్రోగ్రామునకు ఆనాటి గమనపు అంకెల నిచ్చి నేలమీదనే నడిపి చూడగా, ఆకాశమున జరిగినదంతయు వరుస తప్పక మరల జరిగెను.

నాలుగు ఉపగ్రహములను మరల నిర్మించి, 2000వ సంవత్సరమున రష్యా దేశపు సోయుజ్ రాకెట్లలో రెండేసి చొప్పున పంపిరి.