హలాల్ కావడం వేరు, మనది కావడం వేరు

కుందేలు మాంసం హలాల్. ఇందులో సందేహం లేదు. మక్కా సమీపంలోని మర్రుజ్జహ్రాన్ వద్ద తాము ఒక కుందేలును తరిమి పట్టుకున్నామనీ, అబూ తల్హా (రజి) దానిని జిబహ్ చేసి తొడమాంసాన్ని దైవప్రవక్త (స) వారికి పంపగా ఆయన స్వీకరించారనీ హజ్రత్ అనస్ (రజి) తెలిపిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. నాలుగు మజ్‌హబుల పండితులూ దానిని అనుమతించారు.

ఇటీవల కరీంనగర్‌లో మా మదరసా వీధిలోకి ఒక తెల్లకుందేలు దారితప్పి వచ్చినప్పుడు, పెద్ద తరగతి విద్యార్థి ఒకడు ఈ హదీసునే గుర్తుచేసి కత్తి మాట ఎత్తాడు. చిన్నపిల్లలు దానిని పెంచుకుందామన్నారు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన అబ్బాయి, తమ ఊరి అడవిలో చెవులపిల్లులు ఉంటాయనీ, సెలవులకు పోయినప్పుడు వాటి మధ్య వదిలివస్తాననీ అన్నాడు. ఆ కుందేలు ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు.

అనస్ (రజి) తరిమినది ఎవరి సొత్తూ కాని అడవిజంతువు. మన ప్రాంతపు చెవులపిల్లి గోధుమవన్నెలో, మెడ వెనుక నల్లమచ్చతో ఉంటుంది. మనిషి అలికిడికే పరుగు తీస్తుంది. (దానిని వేటాడడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఇది కూడా మన పిల్లలకు తెలియాలి.) వీధిలోకి వచ్చినదో, చేతిలోని కొత్తిమీరను చూసి దగ్గరకు నడిచివచ్చింది. ఎవరో దానిని ప్రేమతో సాకారు. కనుక షరీఅత్ పరిభాషలో అది లుఖతా, అంటే దొరికిన సొత్తు. దొరికినవారి చేతిలో అది అమానతు.

దారితప్పిన పశువుల గురించి హజ్రత్ జైద్ బిన్ ఖాలిద్ (రజి) ఉల్లేఖనంలో ఒక సూక్ష్మమైన తేడా కనిపిస్తుంది. ఒంటె సంగతి అడిగినప్పుడు దైవప్రవక్త (స) దానిని వదిలేయమన్నారు. దాని నీరు, దాని కాళ్లు దానితోనే ఉన్నాయి. గొర్రె విషయంలో అలా అనలేదు. దానిని మనిషి తీసుకోకపోతే తోడేలు తీసుకుంటుంది. మన వీధుల్లో తోడేళ్లు లేకపోయినా కుక్కల గుంపులకు కొదువ లేదు. వాటి ముందు కుందేలు గొర్రె కంటే నిస్సహాయమైనది.

అడవిలో వదలడం కూడా దయ కాదు. ఇంటి కుందేలు ఐరోపాలో బొరియల్లో బతికే జాతి సంతతి. దాని పిల్లలు వెంట్రుకలు లేకుండా, కళ్లు తెరవకుండా పుడతాయి. చెవులపిల్లి పిల్లలు వెంట్రుకలతో, తెరిచిన కళ్లతో పుడతాయి. రెండూ ఒక జాతి కావు, వాటికి జత కుదరదు. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవుల్లో పంజరపు కుందేలు ఎన్ని రాత్రులు బతుకుతుంది? పైగా పరుల సొత్తును అడవిలో పారవేసే హక్కు మనకు ఎక్కడిది?

పట్టుకున్నాక దాని ప్రాణం మన బాధ్యత. చెవులు పట్టి ఎత్తకూడదు. ఒక చెయ్యి రొమ్ము కింద, మరొకటి వెనుక కాళ్ల కింద ఉంచి ఎత్తాలి. భయంతో గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరగవచ్చు. అన్నం, బిస్కెట్లు పెట్టవద్దు. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలంటే గరిక, ఎండుగడ్డి కావాలి. అది వాంతి చేసుకోలేదు, కనుక పడనిది తింటే కడుపులోనే ఉండిపోతుంది. మన ఎండలు దానికి ప్రాణాంతకం. నీడ, గిన్నెలో నీళ్లు తప్పనిసరి. కుక్క పన్ను తగిలి ఉంటే ఆలస్యం చేయక పశువైద్యశాలకు తీసుకుపోవాలి.

ఇక ప్రకటన. దొరికిన వస్తువుకు న్యాయవంతులను సాక్షులుగా ఉంచుకోవాలనీ, దానిని దాచకూడదనీ హదీసులో ఉంది. మన మొహల్లాలలో ఏది పోయినా మసీదు మైకు అందుకోవడం అలవాటు. కానీ పోయిన వస్తువును మసీదులో చాటడాన్ని దైవప్రవక్త (స) గట్టిగా నిరసించారు. అందుకే మేము అసర్ తర్వాత మసీదు గేటు బయట నిలబడి చెప్పాము. కిరాణా కొట్టు గోడకు ఉర్దూలోనూ తెలుగులోనూ కాగితం అంటించాము. యజమాని ముస్లిమేతరుడైనా అమానతు అమానతే. గుర్తులన్నీ మాత్రం రాయలేదు; సంచినీ దాని తాడునూ గుర్తుపెట్టుకోమన్న ఆదేశంలోని జాగ్రత్త ఇదే. నాలుగవ రోజున పక్క వీధిలోని ఒక హిందూ కుటుంబం వారు తమ పాపతో వచ్చారు. ఎడమ చెవి కొన కొంచెం చీలి ఉంటుందని ఆ పాపే చెప్పింది. మా చిన్న విద్యార్థులు ఇద్దరు ఏడ్చారు. పాప వారిని ఇంటికి వచ్చి చూసుకోమన్నది.

మేత ఖర్చు మేము అడగలేదు. ఖాజీ అనుమతి లేకుండా పెట్టిన ఖర్చును హనఫీ ఫిఖ్హ్ స్వచ్ఛంద దానంగానే పరిగణిస్తుంది. యజమాని రాకపోతే ఏమి చేయాలని పిల్లలు అడిగారు. ఇక వెతకడం మానేసి ఉంటాడని మనసుకు గట్టిగా తోచేంతవరకు చాటుతూ ఉండాలి. ఆ తర్వాత, దొరికినవాడు పేదవాడైతే తానే ఉంచుకోవచ్చు. కలిగినవాడైతే పేదలకు దానం చేయాలి. అటుపిమ్మట యజమాని వస్తే, ఆ దానాన్ని ఒప్పుకోవడమా, దాని విలువను అడగడమా అన్నది ఆయన ఇష్టం.