లెక్కల గిడ్డంగి

వ్యాపార సంస్థలు తమ అమ్మకములు, కొనుగోళ్లు, నిల్వల లెక్కలన్నిటిని ఒకచోట చేర్చి పరిశీలించు ఏర్పాటునకు డేటా వేర్‌హౌస్ అని పేరు. పూర్వము ఇందులకై విలువైన యంత్రములను సంస్థలే కొనవలసి యుండెడిది. ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా అద్దెకు లభించు కంప్యూటర్లపై ఆ పని సాగుచున్నది. ఇదియే క్లౌడ్ పద్ధతి. అమెజాన్ వారి రెడ్‌షిఫ్ట్ 2013లో వాడుకలోనికి వచ్చినది. ఆ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతమున సైతము క్లౌడ్ కేంద్రములను ప్రారంభించినది.

ఈ గిడ్డంగులలో పద్దులు నిలువు వరుసల ప్రకారము భద్రపరచబడును. చిట్టాలో ఏబది నిలువు వరుసలున్నను, ఏ నెలలో ఏ సరకు ఎంత అమ్ముడుపోయినదో తెలియుటకు మూడింటిని చదివిన చాలును. అందువలననే కోట్లకొలది పద్దులనుండియు జవాబు శీఘ్రముగా లభించును. గూగుల్ వారి బిగ్‌క్వెరీలో, చదివిన సమాచార పరిమాణమును బట్టి రుసుము చెల్లించు విధానము కలదు. కావున అక్కరలేని వరుసలను కోరుట వృథావ్యయము.

మీ గ్రామమందలి రైతు ఉత్పత్తిదారుల సంఘమునకు ఇట్టి సేవ అవసరమా? ఒక్క దుకాణపు చిట్టాకు సాధారణ కంప్యూటరే చాలును. అనేక కేంద్రముల పద్దులు కలిసినప్పుడే దీని ప్రయోజనము కానవచ్చును.

ఎంత గొప్ప గిడ్డంగియైనను తాలును గింజగా మార్చజాలదు. ఒకే రైతు పేరు రెండు విధములుగా వ్రాసినచో ఇద్దరు రైతులుగా లెక్కకు వచ్చును; ఆ లెక్కను నమ్మి ఎరువులు తెప్పించినచో నష్టము సంఘమునకే. కావున తొలి జాగ్రత్త పద్దు వ్రాయుచోటనే వహింపవలయును.