మెట్‌పల్లి గాలిలో ఇంకో పసుపు

మెట్‌పల్లి అంటే పసుపు. యార్డులో కుప్పలు పోసే రోజుల్లో అటు వెళ్లొస్తే చొక్కా కాలరుకూ ఆ రంగు అంటుతుంది. ఈ ఊరి గాలిలో ఇంకో పచ్చటి పొడి కూడా తిరుగుతుంది. దాన్ని కాంటా వేసేవాళ్లు లేరు, రేటు కట్టేవాళ్లు లేరు. అదే పుప్పొడి.

పసుపు చేలో మక్కను అంతరపంటగా వేయడం ఇక్కడ మామూలే. మక్కకు నెత్తిన వచ్చేది మగపూత, నడుమున పీచు వేలాడేది ఆడకంకి. పూత విచ్చిన రోజుల్లో పొద్దున తొమ్మిది పదింటికి చేలో దూరి బయటికొస్తే భుజాల మీద సన్నపిండి జల్లినట్టుంటుంది. కింద పసుపు ఆకుల కాడల్లోనూ అదే పొడి. ఒక్క మొక్క పూత నుంచే లక్షల రేణువులు రాలతాయి. చూసి జడుసుకోకండి. మక్క రేణువు దాదాపు 90 మైక్రాన్లు, ఇంచుమించు మన వెంట్రుక మందం ఉంటుంది. అంత బరువుతో ఎంతో దూరం పోలేదు, చాలామటుకు ఆ చేలోనో గట్టు మీదో పడిపోతుంది. ఊళ్లో మందిని తుమ్మించేవి దీనికన్నా బాగా చిన్నవి.

వాటిలో మొదట అనుమానించాల్సింది వయ్యారిభామను. 1955 ప్రాంతంలో పుణెలో కంటబడ్డ ఈ మొక్క అమెరికా గోధుమలతో వచ్చిందని చెబుతారు. దీన్నే కాంగ్రెస్ గడ్డి అని ఎందుకన్నారంటే, తెల్లపూలు కాంగ్రెస్ పార్టీ టోపీల్లా ఉన్నాయని ఒకరు, గోధుమలు పంపింది అమెరికా కాంగ్రెస్ కాబట్టని ఇంకొకరు. ఏ కథ నిజమైనా తుమ్ము ఒక్కటే. వానలు పడి మొలిచాక నెల, నెలన్నరలో పూతకొస్తుంది. రేణువు 15-20 మైక్రాన్లే. కొందరికి మొక్క తగిలితేనే ఒళ్లు దద్దుర్లు. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దీని మీద అవగాహన వారం నడుపుతుంది. పీకేదేదో పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని పీకాలి.

ఫోన్లో గాలి నాణ్యత సూచీ పచ్చగా ఉంది, మరి ముక్కు ఎందుకు కారుతోంది? మన దేశపు సూచీలో లెక్కించేవి ఎనిమిది: రెండు రకాల సన్నధూళి, ఐదు వాయువులు, సీసం. పుప్పొడి అందులో లేదు. ధూళిలో పెద్దరకం కూడా 10 మైక్రాన్ల లోపుదే, వయ్యారిభామ రేణువు అంతకన్నా పెద్దది. సూచీ అబద్ధం చెప్పడం లేదు, దాన్ని అడగాల్సిన ప్రశ్న అది కాదు.

మరి పుప్పొడిని ఎలా లెక్కిస్తారు? మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే వైద్యుడు జిగురు రాసిన గాజుపలకలు గాలికి పెట్టాడు, గాలిపటాలకు కట్టి పైకి కూడా ఎగరేశాడు. ఆయనకే పుప్పొడి పడిశం మరి! ఆ ప్రయోగాల మీద ఆయన రాసిన పుస్తకం 1873లో వచ్చింది. తమాషా ఏమిటంటే అదే ఏడాది కలకత్తాలో డి.డి. కన్నింగ్‌హామ్ అనే ఆయన జైలు ఆవరణల్లోని గాలిని సూక్ష్మదర్శినితో పరిశీలించి పుస్తకం వేశాడు. 1952లో హర్స్ట్ అనే శాస్త్రవేత్త చేసిన యంత్రం నిమిషానికి పది లీటర్ల గాలి పీల్చి, దాని రేణువుల్ని జిగురు మీద పరుస్తుంది. తర్వాత మనిషి కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. అమెరికాలో మనవాళ్లు పొద్దున్నే చూసుకునే ‘పోలెన్ కౌంట్’ ఇలా చేతి లెక్కది అయితే, అది నిన్నటి గాలి సంగతన్నమాట.

బతుకమ్మ రోజుల్లో తుమ్ములొస్తే తంగేడును తిట్టకండి. తంగేడు కేసరాల కొసన సన్నటి రంధ్రాలుంటాయి. తుమ్మెద వాలి ఝుమ్మని ఒళ్లు వణికిస్తేనే పుప్పొడి రాలుతుంది, గాలికి ఇచ్చేది తక్కువ. గునుగు మాత్రం తోటకూర కుటుంబంది, ఆ కుటుంబపు పుప్పొడి అలర్జీ జాబితాల్లో ఉంది. అయినా పూలు కోసేచోట పక్కనే మోకాలెత్తు వయ్యారిభామ ఉందేమో ముందు చూడండి.

గల్ఫ్‌కు పోయిన ఇక్కడివాళ్లకు అక్కడా ఓ పాత చుట్టం తగులుతుంది, సర్కారు తుమ్మ. దీని పుప్పొడితో కువైట్‌లో, ఎమిరేట్స్‌లో చాలామందికి బాధే. మన దేశంలో దీన్ని 1877లో జమైకా విత్తనాలతో కడప జిల్లా కమలాపురంలో నాటారు.

చిరువాన గాలిని కడుగుతుంది. ఉరుముల వాన వేరు: తడికి గడ్డిపుప్పొడి పగిలి, ముక్కలు ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. 2016 నవంబర్ 21న మెల్‌బోర్న్‌లో అలాంటి గాలికే పదిమంది ప్రాణాలు పోయాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఉరిమేటప్పుడు లోపలే ఉండడం మేలు.

చండీగఢ్ పీజీఐ వైద్యసంస్థ 2021లో ఆ నగరానికి ఏ నెల ఏ పుప్పొడో క్యాలెండర్ వేసింది. మెట్‌పల్లికి మీరే మొదలుపెట్టొచ్చు. గోడమీది క్యాలెండర్లో తుమ్ములు పట్టిన తేదీకి సున్న చుట్టి, ఆ వారం చుట్టుపక్కల పూసిందేమిటో పక్కన రాయండి. రెండేళ్లు రాశాక దాన్ని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.