ఏఐ రాసిచ్చిన పనికి పూచీ ఎవరిది?



మార్టూరు దగ్గర పల్లెల్లో పరిచర్య చేస్తున్న ఒక యువ సేవకుడు గత నెల మన పత్రికకు వ్యాసం పంపారు. భాష శుభ్రంగా ఉంది. అచ్చుతప్పు ఒక్కటి లేదు. అంత శుభ్రంగా ఉండటమే నాకు అనుమానం తెచ్చింది. సామెతలు 16వ అధ్యాయంలోనిదని చూపిన ఒక వచనం ఆ అధ్యాయంలో లేదు, ఏ అధ్యాయంలోనూ లేదు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ అన్నారంటూ రాసిన మాట నా దగ్గరున్న పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు. ఫోన్ చేసి అడిగాను. "అయ్యగారూ, చాట్‌జీపీటీని అడిగితే అదే ఇచ్చిందండీ. మూడు ఊళ్లలో కూటాలు, రాసుకునే టైం లేక..." అన్నారు.

నిజాయితీగానే చెప్పారు, ఆయనను తప్పుపట్టబుద్ధి కాలేదు. కానీ లెక్క చూడండి. ఆయనకు రెండు రాత్రుల పని తప్పింది. అందులో ఒక పూట పని నా మీద పడింది. నేనూ చూడకుండా వేసేస్తే అది మీ మీద పడేది. మీలో ఎవరో ఒకరు ఆ లేని వచనాన్ని ఆదివారం సంఘంలో చదివేవారు.

ఉద్యోగాల్లో ఏఐ వాడటం లాభమా నష్టమా అని యువతీయువకుల కూటాల్లో నన్ను తరచూ అడుగుతుంటారు. ఎంత లాభం అన్నదానికంటే ముందు వేయాల్సిన లెక్క ఒకటుందని నాకు ఆ వ్యాసం దగ్గరే తట్టింది. మిగిలే సమయం ఎవరిది, తప్పు దొర్లితే నష్టం ఎవరిది?

ముందుగా అది పనిచేసే తీరు తెలుసుకుందాం. మనం బైబిలు తెరిచి చూసుకున్నట్టు అది ఏ పుస్తకమూ తెరిచి చూసి జవాబు చెప్పదు. కోట్ల పేజీల రాతను చదివించి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో అంచనా కట్టడం దానికి నేర్పారు. సామెతల గ్రంథంలో వాక్యం ఎలా నడుస్తుందో దానికి బాగా పట్టుబడింది. కాబట్టి అచ్చం అలాగే ఉండే వాక్యం అల్లి, పక్కన అధ్యాయం అంకె కూడా వేసేస్తుంది. ఉన్న వచనం చెప్పినా లేని వచనం చెప్పినా ఒకే ధీమాతో చెబుతుంది. ఇంటర్నెట్‌లో వెతికి జవాబు చెప్పే రకాలు వచ్చాక పొరపాట్లు తగ్గాయి గాని పోలేదు. ఇంగ్లీషుతో పోలిస్తే అది చదివిన తెలుగు బహు తక్కువ కాబట్టి మన భాషలో మరింత జాగ్రత్త కావాలి. ఇదివరకు అజాగ్రత్తగా రాసినవారి అజాగ్రత్త రాతలోనే కనిపించేది. అక్షరదోషాలు, అతుకుల వాక్యాలు చూడగానే సంపాదకుడు మేల్కొనేవాడు. ఇప్పుడు ఆ గుర్తు చెరిగిపోయింది.

అలాగని మేలు లేదనను. మార్టూరు గ్రానైట్ యూనిట్ ఒకదానిలో లెక్కలు చూసే అమ్మాయి మన సంఘంలోనే ఉంది. తెలుగు మీడియం చదువు. బయటి రాష్ట్రాల కొనుగోలుదారులకు ఇంగ్లీషులో మెయిల్ పంపాలంటే మునుపు యజమాని కొడుకు వచ్చేదాకా ఆగేది. ఇప్పుడు విషయం తెలుగులో చెప్పి ఇంగ్లీషు ఉత్తరం తయారు చేయించుకుంటుంది. పలక సైజు, మందం, చదరపు అడుగు రేటు, లారీ బాడుగ అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. తప్పుంటే నిమిషంలో పట్టేస్తుంది. ఇంగ్లీషు రాదన్న ఒక్క కారణంతో మన పిల్లలు ఎన్ని ఉద్యోగాల గుమ్మం దగ్గర ఆగిపోయారో నేను చూశాను. వాళ్లకిది చిన్న మేలు కాదు.

పరిశోధనలు కూడా అలాంటి పనుల దగ్గరే ఎక్కువ లాభం చూపాయి. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులిద్దరు 453 మంది ఉద్యోగులకు ఉత్తరాలు, చిన్న నివేదికల వంటి రాతపనులు ఇచ్చి చూశారు. చాట్‌జీపీటీ వాడినవారికి సమయం 40 శాతం తగ్గింది, రాత నాణ్యత 18 శాతం పెరిగింది. 2023లో సైన్స్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. హైదరాబాదు, బెంగళూరుల్లో సాఫ్ట్‌వేర్ పని చేస్తున్న మన పిల్లలు దీనితో పాటు ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లను, వారు ఏళ్లుగా చేస్తున్న పనిలోనే పరీక్షించింది. ఏఐ వాడినప్పుడు వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. విచిత్రమేమంటే, పని అయ్యాక అడిగితే తమకు 20 శాతం సమయం కలిసొచ్చిందనే వారు చెప్పారు. మనం ఎంత మిగుల్చుకున్నామో మనకే సరిగా తెలియదన్నమాట.

ఇక తప్పు పట్టుకునేవారు లేని చోట ఏమవుతుందో విజయవాడలో చూశాం. అక్కడ ఒక ఆస్తి తగాదాలో 2025 ఆగస్టులో జూనియర్ సివిల్ జడ్జి ఇచ్చిన ఉత్తర్వు నాలుగు పాత తీర్పులను ఆధారంగా చూపింది. ఆ నాలుగూ ఏఐ కల్పించినవి. ఏఐ వాడటం అదే మొదటిసారని, అవి నిజమైనవనే నమ్మానని న్యాయాధికారి వివరణ ఇచ్చుకున్నారు. హైకోర్టు ఆ వివరణను మన్నించి, హెచ్చరించి, ఉత్తర్వును మాత్రం నిలబెట్టింది. 2026 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అలా వదిలేయలేదు. లేని తీర్పుల మీద ఉత్తర్వు ఇవ్వడం మామూలు పొరపాటు కాదు, దుష్ప్రవర్తనే అవుతుందని తేల్చి చెప్పింది. న్యూయార్క్‌లో 2023లోనే ఇలాంటి పనికి లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. ఈ వార్తల్లో అందరూ జడ్జి గురించీ లాయర్ల గురించీ మాట్లాడారు. ఆ కాగితం మీద ఇల్లో స్థలమో ఆధారపడి ఉన్న కక్షిదారుల సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. మిగిలిన గంట ఉత్తర్వు రాసినవారిది, ఢిల్లీ దాకా తిరిగే శ్రమ వారిది.

మన మిరప చేల దగ్గరైతే నష్టం ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను తుడిచిపెట్టినప్పుడు ఎవరు ఏ మందు చెబితే ఆ మందు కొట్టి అప్పులపాలైన కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. ఇప్పుడు మందుల కొట్టులో కుర్రాడు ఆకు ఫోటో తీసి ఏఐని అడగడం మొదలైంది. తామర పురుగు ఆశిస్తే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి ఆశిస్తే కిందికి ముడుచుకుంటుంది. దానికి కొట్టే మందు చాలాసార్లు దీనికి పనిచేయదు. ఫోటో సరిగా రాక అది ఒకదానికి మరొకటి చెప్పిందనుకోండి, పది రోజులు పోయాక గాని రైతుకు తెలియదు. అప్పటికి మందు ఖర్చూ పోయింది, కూలీ పోయింది, తోటా పాడయింది. లాం ఫారం శాస్త్రవేత్తను అడిగితే ఆయన ఆకు తిప్పి చూస్తాడు. తప్పయితే రేపు వెళ్లి నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు.

కాపరులకు ప్రత్యేకంగా ఒక మాట. విశ్వాసులు కన్నీళ్లతో రాసిన ప్రార్థన మనవులను, భార్యాభర్తల తగవులను పేర్లతో సహా దానిలో పెట్టి "జవాబు రాసిపెట్టు" అని అడుగుతున్నవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. కేరళ హైకోర్టు 2025 జులైలో కింది కోర్టులకు ఇచ్చిన విధానంలో తీర్పులకు, ఉత్తర్వులకు ఏఐని వాడవద్దంది. కేసుల రహస్యాలు బయటి కంపెనీల చేతికి పోతాయన్న భయమూ అందులో చెప్పింది. మనల్ని నమ్మి చెప్పుకున్న మాటకు ఆపాటి కాపుదల అయినా ఉండొద్దా?

సెమినరీలో ఒక్క గ్రీకు మాట కోసం గంటసేపు నిఘంటువు తిరగేసిన రోజుల్లో విసుగే ఉండేది. ఆ లేని వచనం చెవికి తేడాగా తగిలిందంటే ఆ విసుగు పుణ్యమే అనుకుంటాను. నేర్చుకునే వయసులో ఆ గంటను పూర్తిగా తీసేస్తే రేపటి సంపాదకుడికి ఆ చెవి ఎక్కడి నుంచి వస్తుందో నాకు అంతుపట్టడం లేదు.

మన పత్రిక వరకు ఈ నెల నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏఐ సాయం తీసుకుంటే ఎందుకు తీసుకున్నారో వ్యాసం కింద రాయాలి. భాష దిద్దించుకుంటే అభ్యంతరం లేదు. ప్రతి వచనాన్ని పంపినవారే బైబిలు తెరిచి సరిచూడాలి. ఎవరి మాటనైనా చూపితే అది ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఉందో చెప్పాలి. ఆ యువ సేవకునికి కూడా ఇదే చెప్పాను. పది రోజుల తర్వాత వ్యాసం తిరిగి వచ్చింది. నిడివి సగమైంది, క్లౌ మాట లేదు, రెండు అక్షరదోషాలు ఉన్నాయి. దిద్ది వచ్చే వారం వేస్తున్నాం.