సీసాలమీది ఆంగ్లపదములు

ఒక్క తెలుగుమాటతో మనము సరిపెట్టుకొను ఆంగ్లపదములు కొన్ని నిజమునకు ఒక్కటి గావు. కథలు చదువునప్పుడు ఈ భేదమును గణింపకున్నను నష్టము లేదు గాని, వంటయింటను మందులపెట్టె యొద్దను గణింపక తప్పదు. అట్టి జతలు మూడింటి నిచట వివరించుచున్నాను.

మొదటిది 'బెస్ట్ బిఫోర్', 'ఎక్స్‌పైరీ'. రెంటిని మనము 'గడువు' అనియే చెప్పుకొందుము. 'బెస్ట్ బిఫోర్' అనునది రుచికిని గుణమునకును సంబంధించిన గడువు. విప్పని బిస్కత్తుల పొట్లమును చెప్పిన రీతిని భద్రపఱచినచో, ఆ తేదీ దాటిన మఱునాడే అది విషము గాదు. కరకర కొంత తగ్గవచ్చును. 'ఎక్స్‌పైరీ', 'యూజ్ బై' అనునవి క్షేమమునకు సంబంధించినవి. ఆ తేదీ దాటిన పదార్థమును, వాసన బాగుగనే యున్నదని పిల్లలకు పెట్టరాదు. మందులపై నెలయు సంవత్సరమును మాత్రమే యున్నచో, ఆ నెల కడపటి దినము వఱకును గడువు కలదని గ్రహింపవలయును.

రెండవది 'యాంటీసెప్టిక్', 'డిసిన్ఫెక్టెంట్'. రెండును క్రిములను చంపునవే యని ఒకదానికి బదులు మఱొకటి వాడుదురు. మొదటిది చర్మము మొదలగు సజీవాంగములకు తగినట్లు చేయబడినది. రెండవది నేల, స్నానపుగది మొదలగు నిర్జీవస్థలములకు. నేల కడుగు ద్రావకమును గాయముపై పోసినచో క్రిములతోపాటు చర్మమును చెడును.

మూడవది 'ఫ్లేమబుల్', 'ఇన్‌ఫ్లేమబుల్'. ఇచట చిక్కు తలక్రిందులు. భేదమున్నట్లు తోచును గాని లేదు. ఆంగ్లమున 'ఇన్' అను ఉపసర్గ పెక్కుచోట్ల 'కాదు' అను నర్థము నిచ్చును గావున, 'ఇన్‌ఫ్లేమబుల్' అనగా మంట యంటుకొననిదని భ్రమ కలుగును. ఈ పదమునందలి 'ఇన్' లాటినుభాషనుండి వచ్చిన వేఱొకటి. 'లోనికి' అని దాని యర్థము. కావున రెండు పదములును సులభముగ అంటుకొను వస్తువునే తెలుపును. ఈ భ్రమ ప్రాణాపాయకరమని యెంచి, 1920-30 నడుమ అమెరికాలోని అగ్నినివారణ సంఘమువారు 'ఫ్లేమబుల్' అను పదమునే వాడుడని ప్రోత్సహించిరి. అంటుకొననిదానికి పేరు 'నాన్‌ఫ్లేమబుల్'.

ఆంగ్లము రాని పెద్దలును, పనివారును గూడ ఈ సీసాలను ముట్టుదురు గదా! చదువు వచ్చిన యిల్లాలు 'గాయమునకు', 'నేలకు', 'పొయ్యి చెంత నుంచరాదు' అని తెలుగున వ్రాసి చీటి యంటించినచో, ఆ చదువు ఇంటిల్లిపాదికిని రక్ష యగును.