బుచ్చమ్మ ఆ తరువాత ఏమైంది?
ఇష్టమైన పాత్రలతో పెద్ద కథ రాయాలనుకునే కొత్తవారికి కొన్ని సూచనలు

మొయినాబాద్‌: నచ్చిన కథ ముగిసినా అందులోని మనుషులు మనసును వదలరు. ‘ఆ తరువాత ఏం జరిగింది?’ అన్న ప్రశ్న వెంటాడుతూనే ఉంటుంది. ఆ ప్రశ్నకు పాఠకుడే కలం పట్టి జవాబు రాస్తే అది అభిమాన కథ అవుతుంది. ఆంగ్లంలో దీనినే ఫ్యాన్‌ ఫిక్షన్‌ అంటారు. చిన్న మంగళారంలో ఉన్నా, చేవెళ్లలో ఉన్నా ఇందుకు కావలసింది ఒక నోటు పుస్తకం, చదివిన కథపై మమకారం. అయితే ఉత్సాహంగా మొదలుపెట్టిన పెద్ద కథ మూడో అధ్యాయం దాటకుండానే ఆగిపోవడం కొత్తవారికి తరచు ఎదురయ్యే అనుభవం. కొద్దిపాటి ముందుచూపు ఉంటే ఈ గండం గట్టెక్కవచ్చు.

మనకు కొత్త కాదు
అమెరికాలో ‘స్టార్‌ ట్రెక్‌’ టీవీ ధారావాహిక అభిమానులు 1967లో ‘స్పాకనేలియా’ అనే పత్రిక వెలువరించి సొంత కథలు ప్రచురించుకున్నారు. అంతకు పదేళ్ల ముందే 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో ‘మాయాబజార్‌’ వచ్చింది. అందులోని శశిరేఖ వ్యాస భారతంలో లేదు. జనం నోట పెరిగిన కథ అది. మరో విశేషం ఏమిటంటే, భారత కథే అయినా పాండవులు తెరపై ఎక్కడా కనిపించరు. పెద్ద పాత్రలను పక్కన ఉంచి, ఘటోత్కచుడిని ముందుకు తెచ్చి కథ నడిపారు. ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత.. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలను కలుసుకుంటుంది. ఆ సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పాత పాత్రలతో రాసినంత మాత్రాన రచన తక్కువది కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఖాళీని వెతకాలి
మూలకథను తిరిగి చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. రచయిత చెప్పకుండా వదిలిన చోటును పట్టుకోవాలి. గురజాడ ‘కన్యాశుల్కం’ మలి కూర్పు 1909లో వెలువడింది. నాటకం చివర బుచ్చమ్మను పుణెలోని వితంతు శరణాలయానికి పంపుతారు. అక్కడ ఆమె ఎలా బతికింది? ఏం చదివింది? తల్లి వెంకమ్మకు ఉత్తరం రాసిందా? నాటకం ఇవేవీ చెప్పదు. పెద్ద కథకు సరిపడా చోటు ఇక్కడ ఉంది.

ఊహకు చరిత్ర తోడైతే కథ నిలబడుతుంది. ధోండో కేశవ్‌ కార్వే పుణెలో వితంతువుల ఆశ్రమాన్ని నెలకొల్పింది 1896లో. సికింద్రాబాద్‌ నుంచి వాడి వరకు నిజాం రైలు మార్గం 1874లోనే ఏర్పడగా, 1889 నాటికి అది బెజవాడకు కలిసింది. శంకర్‌పల్లి, వికారాబాద్‌, తాండూరు ఈ దారిలోనివే. అంటే బుచ్చమ్మ బండిని మన ప్రాంతం మీదుగా నడిపించే అవకాశం రచయితకు ఉంది. ఆ బండిలో చేవెళ్ల వైపు స్త్రీ ఒకరు ఎక్కి ఆమెకు ఎదురుగా కూర్చున్నట్లు ఊహిస్తే చాలు.. అరువు తెచ్చుకున్న కథలో సొంత ఊరి మనిషి ప్రవేశిస్తుంది.

భాషకు జంకవద్దు
తమ యాస కథకు పనికిరాదేమోనన్న సందేహం పల్లె విద్యార్థులను వెనక్కు లాగుతుంది. విజయనగరం వారి మాటను అనుకరించబోతే తొందరలోనే తడబాటు తప్పదు. అందుకే సొంత యాస మాట్లాడే కొత్త పాత్రను ప్రవేశపెట్టి, ఆమె కళ్లతో కథ చెప్పడం మేలు. అయితే మూలంలోని పాత్ర స్వభావం చెడకూడదు. గిరీశం నోట ఆంగ్లం దొర్లకపోతే అతడు గిరీశం కాడు. రాయబోయే ముందు మూలాన్ని మరోసారి చదివి, ఒక్కో పాత్ర ఎలా మాట్లాడుతుందో, దేనికి భయపడుతుందో, దేనిని కోరుతుందో విడిగా రాసుకోవాలి.

ముగింపే ముందు
మొదటి వాక్యానికన్నా ముందు చివరి సన్నివేశం నిర్ణయించుకోవాలి. చేరవలసిన చోటు తెలిస్తే దారి తప్పినా తిరిగి రావచ్చు. ఆపై కథను 20 అధ్యాయాలుగా విభజించి, ఒక్కో దానికి ఒక్క వాక్యం చొప్పున రాసుకోవాలి. ప్రతి అధ్యాయం ముగిసేసరికి ఏదో ఒకటి మారాలి. రహస్యం బయటపడాలి, నిర్ణయం జరగాలి లేదా నమ్మకం చెదరాలి. ఏమీ మారని అధ్యాయాన్ని తొలగించడమే ఉత్తమం.

రోజుకు 300 మాటలు రాస్తే 5 రోజులకు 1,500 మాటల అధ్యాయం తయారవుతుంది. ఆ లెక్కన 100 రోజుల్లో 30 వేల మాటల కథ పూర్తవుతుంది. రాసిన అధ్యాయాన్ని వెంటనే దిద్దుతూ కూర్చోవడం వల్లే చాలా కథలు ఆగిపోతాయి. దిద్దుబాటు మొత్తం పూర్తయ్యాకే చేపట్టాలి. ఆ దశలో ఎవరికైనా బిగ్గరగా చదివి వినిపిస్తే, కథ ఎక్కడ కుంటుతోందో వినేవారి ముఖమే చెబుతుంది.

చట్టం మాటేమిటి?
కాపీరైట్‌ చట్టం-1957 ప్రకారం రచయిత జీవితకాలం, మరణించిన మరుసటి ఏడాది మొదలు మరో 60 ఏళ్లపాటు రచనపై హక్కులు ఉంటాయి. గురజాడ 1915లో మరణించారు కనుక ‘కన్యాశుల్కం’ అందరిదీ. మొక్కపాటి నరసింహశాస్త్రి 1973లో మరణించారు. అందువల్ల ‘బారిష్టర్‌ పార్వతీశం’పై హక్కులు 2033 చివరి వరకు వారసులకు వర్తిస్తాయి. ఇలాంటి రచనల ఆధారంగా రాసిన కథను ప్రచురించదలిస్తే ముందుగా హక్కుదారుల అనుమతి పొందాలి. సినిమా పాత్రలకూ హక్కుదారులు ఉంటారు. ఇక నటీనటుల వ్యక్తిగత జీవితాలను కల్పించి రాయడం వారి పరువుకు సంబంధించిన విషయం. దానికి దూరంగా ఉండటమే క్షేమం.

ఒక పాత్ర, ఒక ప్రశ్న, ఒక చివరి సన్నివేశం.. ఈ మూడింటినీ మూడు వాక్యాల్లో రాసుకోగలిగితే మొదటి అధ్యాయం రేపే మొదలుపెట్టవచ్చు.